సొర పిందెలు రాలిపోతుంటే మందు కొట్టకండి, పొద్దుగూకే వేళకు మిద్దె ఎక్కండి

అడిగినవారి ప్రశ్న ఇదీ: బెంగళూరు వైట్‌ఫీల్డ్‌లో నాలుగో అంతస్తు మిద్దె మీద సొర పాదు పెట్టారు. తీగ పందిరంతా అల్లుకుంది, పూలకు కొదవ లేదు, కానీ పిందె బొటనవేలంత అయ్యేసరికి పసుపుపచ్చగా తిరిగి, ఎండి వడిలి రాలిపోతోంది. ఏ ఎరువు వెయ్యాలి, ఏ మందు కొట్టాలి?

ఏదీ వెయ్యకండి, ఏదీ కొట్టకండి. మీ పాదుకు జబ్బేమీ లేదు. ఆడపువ్వుకు పుప్పొడి అందలేదు, అంతే. నేను చూసిన మిద్దెల్లో ఒక్కటి తప్ప అన్నిటా ఇదే కారణం. ఆ ఒక్కచోట పండుఈగ కుట్టింది. అది కుట్టిన పిందె మీద చిన్న పొక్కు, దాని నుంచి జిగురు కనపడతాయి, పిందె లోపలి నుంచి కుళ్లుతుంది. మీ పిందె ఎండి వడిలిపోయి రాలుతోందంటున్నారు కాబట్టి అది కాదు.

మాది నంద్యాల దగ్గర పల్లె. బెంగళూరు రామ్మూర్తినగర్‌లో పదహారేళ్లుగా ఉంటున్నాం. 2022లో మా ఓనరమ్మ మిద్దె వాడుకోనిచ్చింది, స్లాబు చెమ్మ పట్టకూడదన్న ఒక్క షరతు మీద. రెండు వందల లీటర్ల నీలం డ్రమ్మును సగానికి కోయించి, రెండు ముక్కలనూ గోడవారగా దూలం ఉన్నచోట ఇటుకల మీద నిలబెట్టాను. ఎర్రమట్టి, చివికిన పశువుల ఎరువు, కొబ్బరిపొట్టు, రెండు దోసిళ్లు వేపపిండి. హెసరఘట్ట ఉద్యాన పరిశోధన సంస్థ వాళ్ల అర్క బహార్ రకం సొర గింజలు జూన్‌లో పెట్టాను. ఇరవై లీటర్ల పెయింటు బకెట్లో సొర పెట్టేవాళ్లను చూస్తే నాకు బాధేస్తుంది. ఆ తీగకు వేరు పారడానికి చోటు కావాలి. బకెట్టులో పాలకూర వేసుకోండి.

(సొరకాయ అంటే నా భార్య వాళ్ల రాజమండ్రి వైపు ఆనపకాయ. చిత్తూరు వాళ్లతో మాట్లాడేటప్పుడు మాత్రం జాగ్రత్త. వాళ్లకు అనపకాయ అంటే చిక్కుడు జాతి, ఇక్కడివాళ్లు చలికాలంలో గంపలకొద్దీ కొనే అవరేకాయి. మా వీధిలో మూడు జిల్లాల తెలుగువాళ్లం ఉన్నాం, గింజలు ఇచ్చిపుచ్చుకునేటప్పుడు రూపం చూపించి మరీ మాట్లాడుకుంటాం.)

జులై చివరికి పూత వచ్చింది. మొదట వచ్చినవన్నీ మగపూలే, అది మామూలే. తల్లితీగ కొస తుంచితే పక్కకొమ్మలు వచ్చి, వాటి మీద ఆడపూలు ఎక్కువ దిగుతాయి. మిద్దెతోటల వాళ్లు త్రీజీ కటింగ్ అనేదానికి ఇదే మొదటి మెట్టు, ఆ పక్కకొమ్మల కొసలు కూడా తుంచితే వచ్చే మూడో తరం కొమ్మలను బట్టి ఆ పేరు. తుంచాను. ఆడపూలు వచ్చాయి. వచ్చిన పిందె వచ్చినట్టే రాలింది. రోజూ పొద్దున ఆఫీసుకు పోయేముందు మిద్దె ఎక్కి చూడటం, ఒకటో రెండో పసుపుపచ్చటి పిందెలు ఏరి పారేయడం. పదకొండు రాలాక ఒక నర్సరీకి పోయాను. అక్కడి మనిషి ఒక్క ప్రశ్న అడగలేదు, ఏ పూట చూశావు, ఏ అంతస్తులో ఉంది, తేనెటీగలు వస్తాయా, ఏమీ లేదు. మూడు సీసాలు చేతిలో పెట్టాడు. పూత నిలవడానికి ఒకటి, సూక్ష్మపోషకాలు ఒకటి, వేపనూనె ఒకటి. వెయ్యి రూపాయల పైచిలుకు. ఇంటికొచ్చి అన్నీ సాయంత్రం ఆరున్నరకు కొట్టాను, ఎండలో కొట్టకూడదని సీసా మీద రాసి ఉందని. అంటే సరిగ్గా పువ్వు విచ్చుకునే వేళకు దాని మీద నూనె చల్లానన్నమాట. నాకు ఆ సంగతి అప్పటికి తెలియదు. అమ్మినవాడికి తెలిసి ఉండాల్సింది. మొక్కల మందులు అమ్మేవాడికి మొక్క ఎప్పుడు పూస్తుందో తెలియకపోవడం నేను ఇప్పటికీ క్షమించలేను.

ఆగస్టులో వరలక్ష్మీవ్రతానికి మా అమ్మ వచ్చింది. మరునాడు పొద్దున మిద్దె మీదికి తీసుకుపోయి పాదు చూపించాను. ఆకులు తిప్పి చూసింది, రాలిన పిందెను వేళ్ల మధ్య నలిపి చూసింది.

"ఏంరా, ఈ పువ్వు ఎప్పుడు విచ్చుకుంటాదో ఎప్పుడన్నా చూసినావా?"

"రోజూ పొద్దున చూస్తానే ఉన్నా కదమ్మా."

"పొద్దున నువ్వు చూసేది వాడిపోయిన పువ్వును. సందెకాడ రా."

ఆ సాయంత్రం వాన తుంపర పడి ఆగింది. ఏడు కావస్తుండగా పైకి పోయాం. నేను ఆ వేళప్పుడు అక్కడికి పోవడం, మందు కొట్టిన రోజు తప్ప, అదే మొదటిసారి. పందిరంతా తెల్లటి పూలు, దీపాలు పెట్టినట్టు. ఒక్కొక్కటి అరచేయి అంత. అన్నాళ్లుగా నేను పెంచుతున్న మొక్క అదేనా అనిపించింది.

అమ్మ నన్ను ఫోన్ లైటు పట్టుకోమంది. సన్నటి పొడుగు కాడ ఉన్న పువ్వు ఒకటి తుంచింది, అది మగది. దాని రేకులన్నీ ఒక్క లాగులో ఒలిచేసింది. నడుమ పుప్పొడి ఉన్న బొడిపె ఒక్కటే మిగిలింది. తర్వాత నూగు పిందె మీద కూర్చున్న ఆడపువ్వును ఎడమచేతి రెండు వేళ్లతో కింద నుంచి ఆనించి పట్టుకుని, ఆ బొడిపెను దాని నడిమధ్యన మూడుసార్లు తిప్పి రాసింది. పిందెకు చేయి తగలనివ్వలేదు. ఒక మగపువ్వుతో రెండు ఆడపూలు. మొత్తం నాలుగు ఆడపూలకు అయిదు నిమిషాలు కూడా పట్టలేదు. వ్రతానికి కట్టిన తోరం దారం మిగిలింది ఇంట్లో, దాన్నే ముక్కలు చేసి ఒక్కో కాడకు వదులుగా కట్టింది, ఏవి తాకించామో గుర్తుండాలని.

"ఇది నీకెట్లా తెలుసమ్మా?" అన్నాను.

"క్రాసింగుకు పోలేదా నేను? పత్తికైతే గిల్లాల. దీనికి గిల్లే పని గూడా లేదు కదరా, ఆడది ఆడదే, మగది మగదే."

మా వైపు వాళ్లకు క్రాసింగ్ అంటే చెప్పనక్కర్లేదు. తెలియనివాళ్ల కోసం చెబుతాను. రెండు రకాలను కలిపి సంకర విత్తనం తీయడానికి విత్తనపు పత్తి వేసే చేలల్లో కూలిపని అది. పత్తి పువ్వులో ఆడ, మగ రెండు భాగాలూ ఒక్కచోటే ఉంటాయి. రేపు విచ్చుకోబోయే మొగ్గను ముందురోజు మధ్యాహ్నం నుంచి సాయంత్రం లోపల పట్టుకుని, బొటనవేలి గోటితో గాటు పెట్టి, రేకులూ పుప్పొడి తిత్తులూ చుట్టూ ఒలిచేయాలి, లోపలి కీలం, అంటే ఆడభాగం, తెగకుండా. గుర్తు కట్టాలి. మరునాడు పొద్దున వేరే రకం మగపువ్వు తెచ్చి తాకించాలి. ఒక్కో చేనులో వేలకొద్దీ మొగ్గలు, ఒక్కొక్కటీ చేత్తోనే. 1970లో సూరత్‌లో హెచ్-4 అనే సంకర పత్తి వచ్చిన తర్వాతే ఈ పని మన చేలల్లోకి వచ్చింది. మా అమ్మ పదేళ్ల పైన ఆ పనికి పోయింది. ఆమె కుడి బొటనవేలి గోరు ఇవాళ్టికీ మందంగా, కొస వంకరగా ఉంటుంది. నా ఈడు ఆడపిల్లలు ఎందరో బడి మాని ఆ చేలల్లోనే ఎండలో నిలబడ్డారు, చేతులు చిన్నవి, నడుము వంచక్కర్లేదు అని వాళ్లనే ముందు పిలిచేవాళ్లు. నన్ను మాత్రం అమ్మ ఒక్కరోజూ ఆ గట్టు ఎక్కనివ్వలేదు. మా ఊళ్లో ఆ పనిని ఎవరూ విద్య అనలేదు. కూలి అన్నారు. ఆ రాత్రి మిద్దె మీద లైటు పట్టుకుని నిలబడి, నేను చదివిన చదువులో దీనికి సాటి వచ్చేది ఒక్కటి కూడా లేదనుకున్నాను.

మూడో రోజుకు నాలుగింటిలో మూడు నిలిచాయి. నిలిచిన పిందె కాడ లావెక్కుతుంది, పిందె నునుపుదేలి బరువుకు కిందికి వంగుతుంది. నాలుగోది పసుపుపచ్చగా మారింది, దాని మీద రాత్రి వాన పడింది. పుప్పొడి తడిస్తే ముద్దయిపోతుంది, కాబట్టి వాన సూచన ఉంటే తాకించాక పువ్వు మీద కాగితపు పొట్లం తొడగండి. పదిహేను రోజులకు మొదటి కాయ కోశాం. అమ్మ పాలు పోసి వండింది. సంకటిలోకి.

ఇప్పుడు మీకు పనికొచ్చేది. సొర, బీర సాయంత్రం పూస్తాయి. గుమ్మడి, కాకర, దోస తెల్లవారుజామున పూస్తాయి, వాటిని ఎండ ఎక్కకముందే తాకించాలి. బీరపువ్వు గుమ్మడిపువ్వులా పసుపుపచ్చగా ఉంటుంది కాబట్టి అదీ పొద్దున్నే పూస్తుందనుకుంటారు, కాదు. నేతిబీర మాత్రం పొద్దుటిది. టమాటా, వంగ, మిరపలకు ఈ బాధ లేదు, ఒకే పువ్వులో రెండూ ఉంటాయి, పూత మీద ఉన్నప్పుడు కొమ్మను వేలితో నాలుగు తట్లు తడితే చాలు.

పల్లెలో గడ్డికొట్టం మీద పాకిన సొరకు ఎవరూ తాకించలేదు కదా అంటారేమో. అక్కడ రాత్రి రెక్కల పురుగులు చేసేవి ఆ పని. తెల్లటి పువ్వు చీకట్లో వాటికి కనపడాలనే అట్లా పూస్తుంది. మీ నాలుగో అంతస్తుకు, చుట్టూ లైట్ల మధ్యకు, ఒక్క తీగ కోసం అవి ఎక్కడి నుంచి వస్తాయి?

ఇక నేను అసలు చెప్పాలనుకున్నది. మా ఇంటి వెనక ఒక పెద్ద అపార్ట్‌మెంటు ఉంది. దాని అయిదో అంతస్తు సజ్జాకు 2023లో పెద్ద తేనెపట్టు పట్టింది. కొండతేనెటీగలు. ఎవరినీ కుట్టలేదు. అవి కదిలిస్తే తప్ప మనుషుల జోలికి రావు, కొన్ని నెలలుండి వాటంతట అవే లేచిపోతాయి. ఆ మాట చెప్పడానికి నేను వాళ్ల సంఘం దగ్గరికి రెండుసార్లు పోయాను. "పిల్లలున్నారు సార్" అన్నారు. ఒక సాయంత్రం మనుషులు మందు పంపులతో వచ్చారు. మరునాడు పొద్దున మా మిద్దె మీద కూడా చచ్చిన ఈగలు, చీపురుతో ఊడిస్తే చేటెడు. నీళ్లతొట్టిలో కొన్ని ఇంకా రెక్కలు కొట్టుకుంటున్నాయి.

అంతకుముందు మా గుమ్మడికి నేను ఏనాడూ చెయ్యి పెట్టలేదు. ఆ పట్టు పోయిన తర్వాత ఒక్క గుమ్మడి పిందె దానంతటది నిలవలేదు. కారణం అదే, నాకు రవ్వంత అనుమానం లేదు. ఇప్పుడు పొద్దున ఆరింటికి గుమ్మడికి, సాయంత్రం ఆరున్నరకు సొరకు నేనే పోతున్నాను. ఇదే ఊళ్లో జీకేవీకే వ్యవసాయ విశ్వవిద్యాలయంలో తేనెటీగల మీద పని చేసే నిపుణులున్నారు. పట్టును ప్రాణాలతో తీసి వేరేచోటికి చేర్చేవాళ్లూ దొరుకుతారు. అపార్ట్‌మెంటులో ఉండేవాళ్లు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ సంఘం వాళ్లు పంపుల మనుషుల్ని పిలిచే రోజు దయచేసి ఒక్కరైనా లేచి అడ్డం చెప్పండి.

నీళ్ల సంగతి కూడా ఎవరో అడిగారు. 2024 మార్చిలో నీటి ఎద్దడికి తాగునీళ్లు మొక్కలకు వాడితే 5,000 రూపాయల జరిమానా అని వాటర్ బోర్డు చెప్పినప్పుడు, డ్రమ్ములు రెండు తప్ప మిగతా కుండీలన్నీ ఎండగట్టేశాను. బియ్యం కడిగిన నీళ్లు, కూరగాయలు కడిగిన నీళ్లతో ఆ రెండింటినీ నెట్టుకొచ్చాను. ఆర్వో ఫిల్టరు వదిలేసే నీళ్లు బోరువైతే పొయ్యకండి, ఉప్పుకు ఆకు అంచులు మాడతాయి.

ఇవాళ సాయంత్రం ఆరున్నరకు పైకి పోండి. ఆఫీసు కాల్ ఉంటే ఫోన్ చెవిలో పెట్టుకునే పోండి. ఆడపువ్వు ఒక్కటున్నా తాకించి దారం కట్టండి. మూడో రోజు కాడ లావెక్కిందో లేదో ఇక్కడే రాయండి. మా అమ్మకు ఫోన్లో చదివి వినిపిస్తాను, ఎవరి పాదులో ఎన్ని నిలిచాయని అడుగుతూనే ఉంటుంది.