చీరను తిరగేసి చూడు

అమ్మా,

ర్యాంప్ షోల మీద, బొటిక్‌ల మీద నువ్వు రాసి పంపిన వ్యాసం రెండుసార్లు చదివాను. మొదటిసారి రాత్రి పడుకునే ముందు ఫోన్లో, రెండోసారి పొద్దున్నే ప్రింట్ తీయించుకుని, పెన్సిల్ పట్టుకుని. పైన ‘గౌరవనీయులైన మేడమ్ గారికి’ అని రాశావు. అక్కా అను, చాలు. బట్టల గురించి రాసేవాళ్లం మన భాషలో వేళ్ల మీద లెక్కపెట్టేంతమందే ఉన్నాం, మనలో మనకి ఈ మేడమ్‌లెందుకు?

నీకు రాయడం వచ్చు. ముందే ఆ మాట చెప్పేస్తున్నాను, ఎందుకంటే కింద ఉన్నవన్నీ దిద్దుబాట్లే.

మొదటి మూడు పేజీలూ ర్యాంప్ గురించి. పారిస్, మిలాన్, ముంబయి షోలు ఫోన్లో చూసి రాశావు. అందులో తప్పేమీ లేదు, నేనూ ఎక్కువగా అలాగే చూస్తాను. కానీ ఆ మూడు పేజీల్లో ‘ఎథీరియల్’ నాలుగుసార్లు వచ్చింది, ‘స్టేట్‌మెంట్ పీస్’ ఐదుసార్లు వచ్చింది. వాటన్నిటి కింద గీత గీశాను. ఆ మాటలు చదివాక కూడా ఆ గౌను ఏ గుడ్డో నాకు తెలియలేదు. ఆర్గాంజానా, టిష్యూనా, మల్ కాటనా? మోడల్ నడుస్తుంటే గుడ్డ బిరుసుగా నిలబడిందా, ఒంటికి అంటుకుపోయిందా? చేతులు పైకెత్తగలిగేలా ఉందా? షో మొత్తం పది, పదిహేను నిమిషాల్లో అయిపోతుంది. ఒక్కో మోడల్ మన కళ్ల ముందుండేది నిమిషం కూడా ఉండదు. ఆ కాస్త సేపట్లో భుజం దగ్గర కుట్టు ఒక్కటి చూసి రాసినా పాఠకురాలికి ఏదో ఒకటి చేతికి అందుతుంది. పొగడ్త అందదు.

ఇంకోటి. షో నిర్వాహకులు ఇచ్చే ప్రెస్ నోట్ నీ వాక్యాల్లోకి జొరబడింది. రెండు చోట్ల పోల్చుకున్నాను. 2025 జూన్‌లో మిలాన్‌లో ఇటలీ ఫ్యాషన్ కంపెనీ ప్రాడా మగవాళ్ల షోలో చెప్పులు చూపించింది గుర్తుందా? చూడగానే మన దేశంలో ఎవరైనా కొల్హాపురి చెప్పులనే అంటారు. వాటికి 2019లోనే జీఐ గుర్తింపు, అంటే ఫలానా ప్రాంతపు సరుకని చెప్పే గుర్తింపు, కూడా వచ్చింది. కంపెనీ మాత్రం మొదట వాటి మూలం ఎక్కడిదో చెప్పలేదు. ఇక్కడ గొడవ అయ్యాకే, ఇవి భారతీయ సంప్రదాయ చెప్పుల ప్రేరణతో చేసినవని ఒప్పుకుంది. ఆ రోజు ప్రెస్ నోట్ చూసి రాసినవాళ్లందరూ ‘తోలు శాండల్స్’ అని రాసి ఊరుకున్నారు. కొల్హాపూర్ వీధుల్లో ఒక్కసారి తిరిగినవాళ్లు మాత్రం పేరు పెట్టి రాయగలిగారు. నువ్వు ఆ రెండో జట్టులో ఉండాలని నా కోరిక.

‘తెలుగు పెళ్లికూతుళ్లు ఇప్పుడిప్పుడే లేత రంగులకు అలవాటు పడుతున్నారు’ అని రాశావు. 2017 డిసెంబర్‌లో ఇటలీలో అనుష్క శర్మ పెళ్లి, డిజైనర్ సబ్యసాచి చేసిన లేత గులాబీ లెహంగా, ఆ తర్వాత వచ్చిన పేస్టల్స్ ఊపు, ఇదంతా బాగా పట్టుకున్నావు. ఉత్తరాది ఎర్ర లెహంగా లెక్కన చూస్తే అది నిజంగా మార్పే. కానీ మన పెళ్లిళ్లలో మధుపర్కాలు ఏ రంగు? తెల్ల చీర, ఎర్రంచు. మీ అమ్మమ్మ పెళ్లి ఫొటో తీసి చూడు. ముహూర్తపు వేళ మన ఆడపిల్లలు తెలుపులోనే కూర్చున్నారు. ట్రెండ్ వచ్చిందని రాసే ముందు, మన పెట్టెల్లో అది ఇదివరకే ఉందేమో చూసుకో. నీ వ్యాసంలో ఆ ఒక్క పేరా తిరగరాస్తే మొత్తం వ్యాసం ఎత్తు పెరుగుతుంది.

సీజన్ల సంగతి కూడా చెప్పాలి. ‘ఫాల్-వింటర్’, ‘స్ప్రింగ్-సమ్మర్’ అని రాసుకుంటూ పోయావు. పారిస్‌లో ఫిబ్రవరి, మార్చిలో చూపించేవి అక్కడ చలికాలానికి, సెప్టెంబర్, అక్టోబర్‌లో చూపించేవి తర్వాతి ఎండాకాలానికి. కొనుగోలుదార్లు ఆర్డర్లు పెట్టాలి, మిల్లులు గుడ్డ నేయాలి, సరుకు షాపులకి చేరాలి, అందుకే ఆరు నెలల ముందు చూపిస్తారు. ఇది తెలిసి ఉండాలి. కానీ హైదరాబాద్‌లో ఉన్ని కోటు ఎవరు కొంటారు? మన బొటిక్‌లు నడిచేది పంచాంగం మీద. ఆషాఢంలో డిస్కౌంట్ బోర్డులు, శ్రావణం రాగానే వరలక్ష్మీ వ్రతం చీరలు, తర్వాత దసరా, కార్తీకం, ఆపైన పెళ్లిళ్లు. మూఢం వచ్చిందంటే టైలర్ మాస్టర్ తీరుబడిగా టీ తాగుతూ కనిపిస్తాడు. ముహూర్తాలు మొదలయ్యాయంటే అదే మాస్టర్ ఫోన్ ఎత్తడు. జాకెట్టు ఇస్తానన్న రోజుకి ఇవ్వడు, పెళ్లికూతురి తల్లి టెన్షన్‌తో షాపులోనే కూర్చుంటుంది. నీ వ్యాసంలో ఈ క్యాలెండర్ లేదు. బొటిక్ గురించి రాస్తున్నావంటే ఇది లేకుండా కుదరదు.

ఇప్పుడు నా తప్పు ఒకటి చెప్తాను. పదిహేనేళ్ల కిందటి మాట. ఊళ్లో కొత్తగా తెరిచిన ఒక బొటిక్‌కి పిలిచారు. ఏసీ గది, మల్లెల వాసన, నలుపూ ఎరుపూ కలిసిన ఇక్కత్ చీరలు. ఇక్కత్ అంటే నూలుకే ముందు ముడులు కట్టి, రంగులద్ది, ఆ తర్వాత నేసేది. చీరకు కట్టిన అట్టముక్క మీద ‘చేనేత డబుల్ ఇక్కత్’ అని ఉంది. అదే రాశాను, ఫొటోతో సహా అచ్చయింది. మూడో రోజున ఒక పెద్దాయన ఫోన్ చేశారు. ఇక్కత్ నేసే పుట్టపాక ఊరి నేతగాడినని చెప్పారు. కోపం లేదు గొంతులో. ‘అమ్మా, ఆ ఫొటోలో ఉన్నది ప్రింటు. మీరు తిరగేసి చూడలేదా?’ అన్నారు. చూడలేదు. ఆ రోజు పడ్డ సిగ్గు ఇప్పటికీ నాలో ఉంది.

తర్వాతి వారమే పుట్టపాక వెళ్లాను. చెయ్యి ఆపకుండా ఆసు పోస్తున్న ఒక అమ్మను చూశాను. అర్ధచంద్రాకారంలో పాతిన మేకుల చుట్టూ నూలు తిప్పాలి, చెయ్యి పైకీ కిందకీ ఆడిస్తూనే ఉండాలి. ఒక చీరకి కావలసిన నూలుకి వేల సార్లు, గంటల తరబడి. ఆలేరు దగ్గర శారాజీపేటలో చింతకింది మల్లేశం వాళ్లమ్మ లక్ష్మి భుజం నొప్పి చూడలేక తయారు చేసిన లక్ష్మీ ఆసు యంత్రం ఎందుకు పుట్టిందో ఆ అమ్మ భుజం చూసినప్పుడే నాకు అర్థమైంది. ఆయనకి 2017లో పద్మశ్రీ వచ్చింది. ఆసు అయ్యాక చిటికి కట్టడం. డిజైను గీసిన గ్రాఫ్ కాగితం పక్కన పెట్టుకుని, రంగు తగలకూడని చోటల్లా సైకిల్ ట్యూబు నుంచి కోసిన రబ్బరు పట్టీలు బిగిస్తారు. రంగులో ముంచుతారు, ఆరబెడతారు, కొన్ని ముడులు విప్పి మళ్లీ కట్టి ఇంకో రంగులో ముంచుతారు. ఇదంతా నేతకి ముందే. అక్కడ నేసే తేలియా రుమాల్ అయితే పడుగూ పేకా, అంటే నిలువు పోగులూ అడ్డ పోగులూ, రెండూ ఇలాగే, డబుల్ ఇక్కత్ అంటే అదే, పైగా నూలుని నూనెలో, ఆముదపు కాయల బూడిదలో నానబెట్టి పిసికాకే రంగు పని. దానికి 2020లో జీఐ వచ్చింది. ఆ పని చేసే గజం గోవర్ధనకి 2011లోనే పద్మశ్రీ ఇచ్చారు.

రంగు నూలుకే పడుతుంది కాబట్టి అసలు ఇక్కత్‌కి వెనకా ముందూ ఒకేలా ఉంటుంది. పువ్వు అంచు కొంచెం చెదిరినట్టు, తడికాగితం మీద సిరా పాకినట్టు ఉంటుంది. ప్రింటులో గీత కత్తిరించినట్టుంటుంది, తిరగేస్తే చాలావరకు వెలిసినట్టు కనిపిస్తుంది. అంచు దగ్గర ఒక పోగు లాగితే ఒకవైపు రంగు, ఒకవైపు తెలుపు. షాపులో పోగు లాగనివ్వరులే, తిరగేయనివ్వకుండా మాత్రం ఆపలేరు. ప్రింటు చీర కొనడం నేరం కాదు. ఎండల్లో కట్టుకోవడానికి నా దగ్గరా నాలుగున్నాయి. దాన్ని చేనేత అని అమ్మడం, అలా అని మనం రాయడం, అదీ నేరం. ఆ పెద్దాయన ఇంట్లో మూడు తరాల చేతులు చేసిన పనికి నేను రాసిన ఒక్క మాట గండి కొట్టింది.

నువ్వు వెళ్లిన మూడు బొటిక్‌ల గురించీ ‘క్యూరేటెడ్ కలెక్షన్’ అని రాశావు. ధర ఒక్కటీ రాయలేదు. ఎందుకు మొహమాటపడ్డావు? ధర రాయి. జాకెట్టు కుట్టుకూలీ ఎంత, లైనింగ్ అందులోనే కలిపారా, ఫాల్, పికో వేరేనా, ఆల్టరేషన్‌కి మళ్లీ డబ్బులు అడుగుతారా, ఇవి రాయి. లోపలి కుట్టు దగ్గర గుడ్డ వదిలారా లేదా చూడు. కాస్త వదిలితే రెండేళ్ల తర్వాత ఒళ్లు చేసినా విప్పి వేసుకోవచ్చు, అంచుదాకా కోసేస్తే ఆ డ్రెస్సు పనిమనిషికిచ్చేయడమే. మగ్గం వర్క్ జాకెట్టు చూపిస్తే లోపలివైపు ముడులు చూడు, మెడ దగ్గర గీసుకుంటుందేమో వేలితో తడుము. వీలైతే వెనక గది చూపించమని అడుగు. చెక్క ఫ్రేముకి బిగించిన గుడ్డ చుట్టూ కూర్చుని సూది పని చేసేవాళ్లుంటారు, చాలామంది బెంగాల్ నుంచో ఉత్తరప్రదేశ్ నుంచో వచ్చినవాళ్లు. 2023 మార్చిలో ముంబయి గేట్‌వే ఆఫ్ ఇండియా దగ్గర పారిస్ ఫ్యాషన్ కంపెనీ డియోర్ షో జరిగినప్పుడు, ఆ బట్టల మీది ఎంబ్రాయిడరీ ముంబయిలోని చాణక్య కార్ఖానాలో చేసిందని లోకమంతా రాసింది. అప్పటిదాకా ఎన్నో ఏళ్లుగా వాళ్లు పారిస్ పేర్ల వెనక పని చేస్తూనే ఉన్నారు. మన బంజారాహిల్స్ వెనక గదుల్లో ఉన్నవాళ్ల గురించి తెలుగులో ఎవరు రాస్తారు?

ఒక బొటిక్‌వాళ్లు నీకు కుర్తా సెట్ ఇస్తామన్నారట, తీసుకోవచ్చా అని చివర్లో అడిగావు. నేనైతే తీసుకోను. తీసుకుంటే ఆ సంగతి వ్యాసం మొదట్లోనే రాయి. ప్రకటనల ప్రమాణాలు చూసే మండలి ఆస్కీ (ASCI) 2021 నుంచి ఇన్‌ఫ్లుయెన్సర్లకి పెట్టిన నియమం కూడా అదే.

ఇక నేను పెన్సిల్‌తో గీత గీయకుండా, పక్కన నక్షత్రం గుర్తు పెట్టిన ఒక్క వాక్యం. ఏడో పేజీలో ఉంది. ‘అమ్మ లోపలికి రానంది, నేను ఒక్కదాన్నే వెళ్లాను.’ అంతే రాశావు. తర్వాతి వాక్యంలో మళ్లీ కో-ఆర్డ్ సెట్ల దగ్గరికి వెళ్లిపోయావు. నేను మాత్రం అక్కడే ఆగిపోయాను.

మా అమ్మ కూడా అలాగే ఆగిపోయేది. జనరల్ బజార్‌లో అయితే మెట్లెక్కి, చెప్పులు విడిచి, పరుపు మీద కూర్చుని, ముప్పై చీరలు విప్పించి, బేరమాడి, రెండు కొని లేచేది. షాపతను ‘అమ్మా, మీకోసం దాచాను’ అంటూ పై అరలోంచి తీసేవాడు. అదే మనిషి అద్దాల తలుపు ముందుకొచ్చేసరికి కొంగు సర్దుకుని ‘నువ్వెళ్లు, నేనిక్కడే ఉంటా’ అనేది. లోపల బేరం లేదు, కూర్చోవడానికి చోటు లేదు, హ్యాంగర్‌కి వేలాడే బట్టని ముట్టుకోవచ్చో లేదో తెలియదు. ఒకసారి బలవంతంగా తీసుకెళ్లాను. అక్కడి అమ్మాయి అమ్మని కిందినుంచి పైదాకా చూసి ‘ఆంటీ సైజు మా దగ్గర రాదు మేడమ్’ అని నాతో అంది, అమ్మతో కాదు. బయటికొచ్చాక అమ్మ ఏమీ అనలేదు. ఆటో ఎక్కాక తన చీర అంచుని వేళ్లతో మడుస్తూ, విప్పుతూ కూర్చుంది. గద్వాల చీర అది, ఒళ్లంతా నూలు, అంచు పట్టు, ఆ రెంటినీ కలిపిన చోట కుట్టు కనిపించదు. ఆ షాపులో ఉన్న ఏ బట్టకంటే గొప్ప పని అది. ఆ అమ్మాయికి తెలియదు. నాకూ అప్పటికి తెలియదు, చెప్పలేకపోయాను.

అందుకే అడుగుతున్నాను. మీ అమ్మగారు ఎక్కడ నిలబడ్డారు? నీడ ఉందా అక్కడ? ఆ రోజు ఏ చీర కట్టుకున్నారు, ఎక్కడ కొన్నది? నువ్వు లోపల ఎంతసేపున్నావు? బయటికొచ్చి సంచి చూపిస్తే ముందు ధర అడిగారా, గుడ్డ పట్టుకుని చూశారా? తిరగేశారా?

ర్యాంప్ పేజీలు మూడూ పక్కన పెట్టి, ఆ తలుపు దగ్గర మొదలుపెట్టి మళ్లీ రాయి. అమ్మగారిని అడగడానికి మొహమాటంగా ఉంటే శనివారం ఇద్దరూ సికింద్రాబాద్ రండి, నాకు మ్యాచింగ్ సెంటర్‌లో పనుంది. లైనింగ్ గుడ్డ ఎంచుతూ నేనే మాట కలుపుతాను. వచ్చేటప్పుడు అమ్మగారి కొలతల జాకెట్టు ఒకటి తెమ్మను, నా టైలర్ మాస్టర్‌ని పరిచయం చేస్తాను. ఇప్పుడు మూఢం, ఫోన్ ఎత్తుతాడు.

ప్రేమతో,
అక్క