‘ట్విన్ అయ్యుంటుందిలే’

“సైన్సులో పెద్దలకు నచ్చని ఆలోచనల్ని తొక్కేస్తారంటారు, నిజమేనా? మీరెప్పుడైనా చూశారా?” అని అడిగారు. చూశాను. అయితే మొదట దేన్ని చూసి తొక్కేశారనుకున్నానో అది కాదు.

నేను మెటలర్జీలో (లోహాల శాస్త్రంలో) పీహెచ్‌డీ చేశాను. ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు స్లాటు రాత్రిపూటే దొరికేది. ఎలక్ట్రాన్లు స్ఫటికంలోంచి వెళ్లి తెరమీద చుక్కల ముగ్గు వేస్తాయి, దాన్నిబట్టి లోపల అణువులు ఎలా పేర్చి ఉన్నాయో తెలుస్తుంది. ఒకరోజు నికెల్ మిశ్రలోహం నమూనాలో ఉండకూడని చోట చుక్కలు కనిపించాయి. పొద్దున్నే పరుగున వెళ్లి మా గైడు గారికి చూపిస్తే, చేతిలో టీ గ్లాసు కింద పెట్టకుండానే “ట్విన్ అయ్యుంటుందిలే, పక్కన పెట్టు” అన్నారు. (ట్విన్ అంటే స్ఫటికంలో రెండు భాగాలు అద్దంలో బింబాల్లా ఒకదానికొకటి అతుక్కుని ఉండడం. రెండిటి చుక్కలూ కలిసి లేని ఆకారాన్ని చూపిస్తాయి.) నాకు ఒళ్లు మండిపోయింది. అప్పటికే షెక్ట్‌మన్ కథ చదివి ఉన్నాను మరి!

డాన్ షెక్ట్‌మన్ ఇజ్రాయెల్ శాస్త్రవేత్త. 1982 ఏప్రిల్ 8న అమెరికాలోని నేషనల్ బ్యూరో ఆఫ్ స్టాండర్డ్స్‌లో, కరిగించి చటుక్కున చల్లార్చిన అల్యూమినియం–మాంగనీస్ మిశ్రలోహాన్ని చూస్తుంటే వలయంలో పది చుక్కలు కనిపించాయి. నోట్‌బుక్‌లో పది అని రాసి పక్కన మూడు ప్రశ్నార్థకాలు పెట్టుకున్నాడు. భుజాలూ, కోణాలూ సమానంగా ఉన్న అయిదు మూలల బండలతో ఇంటి నేల పరచి చూడండి, ఎక్కడో ఒకచోట సందు మిగులుతుంది. స్ఫటికాల్లోనూ అంతే, అయిదు, పది మడతల సౌష్ఠవం (ఒక చుట్టు తిప్పితే అయిదుసార్లో పదిసార్లో అదే ఆకారం కనిపించడం) కుదరదని పాఠ్యపుస్తకాలన్నీ చెప్పేవి. ఆ పుస్తకమే ఒకటి తెచ్చి ఆయన చేతిలో పెట్టి చదువుకోమన్నాడు గ్రూపు హెడ్. తర్వాత గ్రూపులోంచే వెళ్లిపొమ్మన్నాడు. మొదటి పేపరును పత్రిక తిప్పి పంపింది. 1984 నవంబరులో ఇంకో పత్రికలో వచ్చాక అమెరికా రసాయన శాస్త్రవేత్త లైనస్ పౌలింగ్ ఎదురుదాడికి దిగాడు. రెండు నోబెళ్ల మనిషి! క్వాసీక్రిస్టల్స్ (షెక్ట్‌మన్ చూసినలాంటి, క్రమం ఉన్నా ఒకే అమరిక మళ్లీ మళ్లీ రాని స్ఫటికాలు) అనేవి లేవు, క్వాసీ సైంటిస్టులే (అరకొర సైంటిస్టులే) ఉన్నారని ఎగతాళి చేశాడు. 1994లో పోయేదాకా ఆ పట్టు వదల్లేదు. మన బెంగళూరు ఐఐఎస్సీలో మాత్రం 1985కల్లా ఇదే కుటుంబంలో ఇంకో రకాన్ని పట్టుకున్నారు.

ఇంతకీ పౌలింగ్ వాదన ఏమిటి? ట్విన్లే అని. సరిగ్గా మా గైడు గారి మాట! నిజానికి అది మొండివాదం కాదు, ఈ పని చేసే ఎవరికైనా మొదట తోచేది అదే. షెక్ట్‌మన్‌కీ తోచింది. అందుకే ఒక్కో చుక్క వెలుగుతో స్ఫటికాన్ని చూసుకుంటూ ట్విన్ల కోసం వెతికాడు, దొరకలేదు. ట్విన్లేలే పొమ్మని మొదట కొట్టిపారేసిన అక్కడి సీనియర్ శాస్త్రవేత్త జాన్ కాన్, తర్వాత ఆ 1984 పేపరులో సహరచయిత అయ్యాడు. 1987లో ఎక్స్‌రేకి సరిపడేంత పెద్ద స్ఫటికాలు తయారయ్యాక చాలామంది నోళ్లు మూతపడ్డాయి. 1992లో స్ఫటికం నిర్వచనమే మార్చారు. నోబెల్ 2011లో వచ్చింది.

నేనూ అదే పరీక్ష చేశాను, గైడు గారికి చెప్పకుండా, ఆరు వారాల పాటు. ట్విన్నే! ఆయన చెప్పిందే నిజం. సిగ్గేసింది. ఆ ఫొటో ఇప్పటికీ నా దగ్గరే ఉంది.

అసలు తొక్కెయ్యడమంటే ఏమిటో తర్వాత తెలిసింది. నా వెనక చేరిన ఒకమ్మాయి మా గ్రూపు పాత పేపరులోని కాఠిన్యం విలువ ఎన్నిసార్లు కొలిచినా రావడం లేదని చెప్పింది. తప్పని ఎవరూ అనలేదు. నోరు మూసుకోమనీ అనలేదు. మైక్రోస్కోపు స్లాట్ల పట్టికలో ఆమె పేరు కిందికి జారిపోయింది. జేఆర్‌ఎఫ్ (జూనియర్ ఫెలోషిప్) నుంచి ఎస్‌ఆర్‌ఎఫ్‌కి (సీనియర్ ఫెలోషిప్‌కి) మారే కాగితం మీద సంతకానికి నాలుగు నెలలు పట్టింది. సెమినార్‌లో ఆ స్లయిడ్ దగ్గరకొచ్చేసరికి “టైమైపోయిందమ్మా” అన్నారు. నా చుక్కల్ని కొట్టిపారేసిన మా గైడు గారు నా దారికి అడ్డు రాలేదు, ఆమె దారికి మాత్రం అడ్డొచ్చారు. నా చుక్కలతో ఆయనకు పోయేదేమీ లేదు మరి.

ఇదంతా పక్కనే ఉండి చూసిన నేను ఏం చేశాను? థీసిస్ రాసుకున్నాను.

ఆమె టాపిక్ మార్చుకుని బయటపడింది, ఇప్పుడు పుణేలో ఏదో కంపెనీలో పని చేస్తోంది. మొన్న ఒక పేపరు రివ్యూ చేస్తుంటే రెండో టేబుల్‌లో మా గ్రూపు పాత విలువే కనిపించింది. మళ్లీ కొలిచి చూశారా అని రాసి పంపాను. జవాబు ఇంకా రాలేదు.