పిచ్చిమొక్కల్లో తేనెటీగలకు మేత ఏది?

ప్రశ్న: తోట పక్కన తేనెటీగల పెట్టెలు పెట్టాను. గట్ల మీద, బీడులో రకరకాల పిచ్చిమొక్కలు పూస్తున్నాయి. వీటిలో ఏవి ఉంచాలి, ఏవి పీకేయాలి? – ఒక రైతు

జవాబు: పువ్వు మీద ఈగ వాలినంత మాత్రాన అది మేత మొక్క అనుకోకండి. వాలి వెంటనే లేచిపోతే అక్కడ ఏమీ దొరకలేదన్నమాట. ఒకే రకం పూల మీద వరసగా తిరుగుతుంటే ఆగి చూడండి. నాలుక పువ్వు లోపలికి చాపి కాసేపు కదలకుండా ఉంటే మకరందం తాగుతోంది. కేసరాల మీద గబగబా పాకుతూ, వెనక కాళ్లకు ముద్దలు కట్టుకుంటుంటే పుప్పొడి పోగేస్తోంది. తేనె అయ్యేది మకరందమే. పుప్పొడి పిల్ల పురుగుల పెంపకానికి కావాలి కాబట్టి అదీ తక్కువదేం కాదు. అత్తిపత్తి పూల మీద ఈగలు ముసురుతాయి గానీ వాటికి దొరికేది పుప్పొడే. తుమ్మి పూలలో మకరందం ఉంటుంది. పల్లేరు, గడ్డి చామంతి పూలలో రెండూ దొరుకుతాయి.

వేళ కూడా ముఖ్యం. పల్లేరు పొద్దున్నే విచ్చుకుని మధ్యాహ్నానికి రేకులు రాల్చేస్తుంది. గడ్డి చామంతి మీద సందడి ఎండెక్కాకే. మీరు సాయంత్రం ఒక్కసారి వెళ్లి చూసి, ఏ ఈగా రావట్లేదని తేల్చేస్తే లాభం లేదు.

ఇంకా అనుమానంగా ఉంటే ముందురోజు సాయంత్రం మొగ్గలున్న కొమ్మకు పల్చటి వల గుడ్డ కట్టండి. లేకపోతే మీరు వెళ్లేసరికే ఈగలు మకరందం ఖాళీ చేసేస్తాయి. మర్నాడు గుడ్డ విప్పి, విచ్చుకున్న తుమ్మి పువ్వును మెల్లగా లాగి గొట్టం అడుగున నొక్కితే చిన్న తడి చుక్క కనిపిస్తుంది. ఇంత చిన్న పూలకు భూతద్దం ఉంటే మేలు.

పెట్టె దగ్గర కూడా సాక్ష్యం దొరుకుతుంది. గుమ్మంలో దిగే ఈగల కాళ్ల ముద్దల రంగును చుట్టూ పూసిన పూల పుప్పొడితో పోల్చండి. మకరందంతో తడిపి కట్టడం వల్ల ముద్ద కాస్త ముదురుగా ఉంటుంది. ఒకే రంగు పుప్పొడి చాలా మొక్కలకు ఉంటుంది కనుక దీన్నొక్కదాన్నే నమ్మవద్దు. పెట్టెలో ఈగలు పట్టు కట్టే ఫ్రేమును (చట్రాన్ని) అడ్డంగా పట్టి కొద్దిగా కుదిపితే పల్చటి చుక్కలు రాలాయంటే కొత్త మకరందం వస్తున్నట్టే.

ఇక పీకే సంగతి. వయ్యారిభామను ఈగలు వాలినా సరే పూతకు ముందే తీసేయండి. దాని పుప్పొడి మనుషులకు పడదు, చర్మం మీద దద్దుర్లూ వస్తాయి. మిగతావాటిని పంటకు అడ్డం లేనిచోట వదిలేయండి, మరీ పెరిగితే పూత అయ్యాక కోయండి. పూత మీదున్న మొక్కలపై మాత్రం ఏ మందూ కొట్టవద్దు. పంట మీద పురుగుమందు తప్పనిసరైతే ఈగలు పెట్టెలోకి చేరాక, సాయంత్రం పిచికారీ చేయండి. గాలికి ఆ మందు గట్టు పూల మీద పడకుండా చూసుకోండి.