ఆ పాప ఎక్కడ చదవాలో ఎవరు చెప్పాలి?

ప్రశ్న: గాజువాక దగ్గర ఒక హైస్కూల్లో ఈ ఏడాదే చేరాను. నా ఏడో తరగతిలో ఒక పాప రెండు చెవులకీ మెషిన్లు పెట్టుకుంటుంది. డిక్టేషన్‌లో సగం మాటలు వదిలేస్తుంది. "స్పెషల్ స్కూల్లో చేర్చమని తల్లికి నువ్వే చెప్పమ్మా" అంటున్నారు హెడ్మాస్టరు గారు. కాదంటే ఏమవుతుందోనని టెన్షన్‌గా ఉంది. ఏం చేయమంటారు మేడమ్?
- ఒక టీచర్, విశాఖపట్నం

జవాబు: ఆ మాట తల్లితో అనొద్దమ్మా. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 31వ సెక్షన్ ప్రకారం, 40 శాతం, ఆపైన వైకల్యం ఉన్న పిల్లలకి 6 నుంచి 18 ఏళ్ల దాకా ఉచితంగా చదువుకునే హక్కుంది. దగ్గరి బడా, ప్రత్యేక పాఠశాలా అన్నది వాళ్ల ఇష్టం. హెడ్మాస్టరు గారికి ఇది స్టాఫ్‌రూమ్‌లో నలుగురి ముందు కాకుండా, ఆయన గదిలో నెమ్మదిగా చెప్పండి. చాలామంది చట్టం తెలియకే అలా అంటారు.

ఈలోగా క్లాసులో చేయాల్సింది చాలా ఉంది. మెషిన్ మీ గొంతు ఒక్కటే పెంచదు, ఫ్యాను రొదనీ బెంచీల చప్పుడునీ కూడా పెంచుతుంది. మీరు బోర్డు వైపు తిరిగి చెప్పేటప్పుడు పాపకి మీ పెదాలు కనబడవు, ఆ వాక్యం పోయినట్టే. డిక్టేషన్ ఆమెకి ఎదురుగా నిలబడి చెప్పండి. ఫ్యాను కింద ఉంటే సీటు మార్చండి. ఎక్కడ కూర్చుంటే బాగుంటుందో పాపనే, పక్కకి పిలిచి అడగండి. నా దగ్గర చదివిన ఒకబ్బాయి మొదటి బెంచీ వద్దన్నాడు, వెనకవాళ్లు మాట్లాడితే మొహాలు కనబడవని. మన వైజాగ్ ఉక్కకి చెమటా తేమా చేరి మెషిన్లు పాడవుతాయి కూడా. రాత్రిపూట సిలికా జెల్ పొట్లం వేసిన డబ్బాలో పెట్టమని తల్లికి చెప్పండి. పొద్దున్నే బ్యాటరీ ఉందో లేదో మీరే చూడండి. బ్యాటరీ అయిపోయినా పిల్లలు నోరు విప్పరు, రోజంతా అలాగే కూర్చుంటారు.

ఆ తర్వాత పాపకి ఏమేం కావాలో కాగితం మీద రాసి, తేదీ వేసి హెడ్మాస్టరు గారికి ఇవ్వండి. నోటిమాట ఎవరికీ గుర్తుండదు. బడి తగిన ఏర్పాట్లు చేయాలని 16వ సెక్షన్ చెబుతోంది. అవసరమైతే రెండో, మూడో భాష మినహాయింపు సంగతి 17లో ఉంది. మండలంలో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం నడిచే భవిత కేంద్రం చూసే ఐఈఆర్‌టీ టీచరుని (ఇలాంటి పిల్లలకి చెప్పే రిసోర్స్ టీచరుని) ఒకసారి మీ క్లాసుకి రమ్మనండి. పాపకి వైకల్య సర్టిఫికెట్ లేకపోతే వార్డు సచివాలయంలో సదరం (ఆ సర్టిఫికెట్ కోసం చేసే వైద్య పరీక్ష) స్లాట్ బుక్ చేయించండి. అది వచ్చేదాకా సీటు మార్చడానికి మాత్రం ఆగొద్దు.