హెయిర్ డ్రయ్యర్‌తో అయ్యే పని కాదు: గ్రీటింగ్ కార్డుల మీద మీ ప్రశ్నలు

న్యూ ఇయర్, సంక్రాంతి దగ్గరపడుతున్నాయి కదా, ఈసారి వచ్చిన ప్రశ్నల్లో చాలావరకు చేత్తో చేసే కార్డుల మీదే ఉన్నాయి. ఒకేలాంటివి కలిపేసి కొన్ని తీసుకున్నా. పేర్లు వేయొద్దని కొందరు అడిగారు కాబట్టి ఎవరివీ వేయట్లేదు, ఏరియా మాత్రం రాస్తున్నా.

అక్కా, ఆన్‌లైన్‌లో ఎంబాసింగ్ పౌడర్ తెప్పించుకున్నా, తెల్లదొకటి గోల్డ్‌దొకటి. స్టాంప్ వేసి, పౌడర్ చల్లి, హెయిర్ డ్రయ్యర్ పెడితే సగం ఎగిరిపోయింది, మిగతాది కరగనే లేదు. పైగా స్టాంప్ పడని చోట కూడా చుక్కలు చుక్కలుగా అంటుకుంటోంది. నకిలీ పౌడర్ ఇచ్చారంటావా? (డిగ్రీ స్టూడెంట్, దిల్‌సుఖ్‌నగర్)

పౌడర్‌ని తిట్టకు చెల్లీ, డ్రయ్యరే దానికి చాలదు. ఎంబాసింగ్ పౌడర్ అంటే వేడికి కరిగి స్టాంప్ గీతల్ని ఉబ్బెత్తుగా నిలబెట్టే రెసిన్ పొడి, అది కరగాలంటే సుమారుగా 150 డిగ్రీలు దాటాలి. జుట్టు ఆరబెట్టుకునే మెషీన్‌లో అంత వేడి వస్తే మన తలేం కాను? దాంట్లో వేడి తక్కువ, గాలి ఎక్కువ, అందుకే ఊదిపారేసింది. క్రాఫ్ట్ హీట్ గన్ అని విడిగా దొరుకుతుంది, 300 వాట్ల చుట్టుపక్కల ఉంటుంది, గాలి మెల్లగా వస్తుంది వేడి మాత్రం గట్టిగా తగులుతుంది. అది కొనుక్కో. మీ ఇంట్లో ఎవరైనా ఎలక్ట్రికల్ పని చేసేవాళ్ళుంటే వాళ్ళ దగ్గర పెద్ద హాట్ ఎయిర్ గన్ ఉంటుంది, పాత పెయింట్ ఊడగొట్టేది, దాంతో కూడా అవుతుంది గానీ తక్కువ స్పీడ్‌లో పెట్టి ఇంకాస్త దూరం నుంచి చూపించాలి, లేదంటే కార్డు గోధుమ రంగుకి తిరుగుతుంది. గన్ వచ్చేలోగా ఆగలేనంటావా, పొయ్యి మీద పెనం బాగా వేడెక్కించి, పొయ్యి ఆర్పేసి, కార్డుని పట్టకారుతో పట్టుకుని పెనానికి ఒక అంగుళం పైన అటూ ఇటూ తిప్పు, కింది నుంచి వేడి తగిలి మెల్లగా కరుగుతుంది. మంట వెలుగుతుండగా మాత్రం పేపర్ దగ్గరికి తేకు.

ఇక ఇంకు. ఏ ఇంకుతో వేశావో రాయలేదు, మామూలు డై ఇంక్ (పల్చటి నీళ్ళ రంగు) అయితే మన ఊరి పొడి గాలికి చిటికెలో ఆరిపోతుంది, పౌడర్ పట్టుకోవడానికి అక్కడ తడే మిగలదు. ఎంబాసింగ్ ఇంక్, వాటర్‌మార్క్ ఇంక్, లేదా పిగ్మెంట్ ఇంక్ అని ఉన్నది చూసి తీసుకో, అవి నిదానంగా ఆరతాయి. వెర్సామార్క్ లాంటి వాటర్‌మార్క్ ప్యాడ్ ఒక్కటుంటే చాలు, అది రంగులేనిది కాబట్టి పైన ఏ రంగు పౌడర్ చల్లితే ఆ రంగే వస్తుంది.

చుక్కల సంగతి. పేపర్ మీద స్టాటిక్ (రాపిడికి పుట్టే కరెంటు) ఉన్నా, మన చేతి జిడ్డు అంటినా, వానాకాలంలో పేపర్ చెమ్మ పట్టినా పౌడర్ కనిపించిన చోటల్లా అతుక్కుంటుంది. దానికి యాంటీ స్టాటిక్ బ్యాగ్ అని చిన్న దిండు లాంటిది అమ్ముతారు, నన్నడిగితే అవసరం లేదు, పాత పల్చటి నూలు గుడ్డలో చెంచాడు కార్న్ ఫ్లోర్ వేసి మూట కట్టు, స్టాంప్ వేసే ముందు ఆ మూటతో కార్డంతా ఒకసారి అద్దు, అయిపోయింది. చెమ్మగా ఉన్న రోజైతే ముందు ఖాళీ కార్డుకే కొన్ని సెకన్లు గన్ చూపించి, చల్లారాక మూటతో అద్ది, అప్పుడు స్టాంప్ వెయ్యి. పౌడర్ చల్లాక కార్డు వెనక వేలితో ఒక దెబ్బ కొట్టి మిగిలింది ఒక మడత పేపర్ మీదికి దులిపేసి మళ్ళీ డబ్బాలో పోసుకో, ఒక డబ్బా చాలాకాలం వస్తుంది. ఇంకా ఒకటీ అరా గింజలుంటే పొడి బ్రష్షుతో తీసెయ్, వేడి తగిలాక ఇక రావు.

గన్‌ని ముందు గాల్లో పట్టుకుని కాస్త వేడెక్కనిచ్చి అప్పుడు కార్డు మీదికి తీసుకురా, చల్ల గన్ పెడితే ముందు గాలొచ్చి పౌడర్‌ని లేపుతుంది. ఒక మూల నుంచి మొదలుపెట్టు. మసగ్గా, గరుగ్గా ఉన్న పొడి ఒక్కసారిగా తడిసినట్టు నిగనిగలాడుతుంది, ఆ మెరుపు గీత వెంబడే పాక్కుంటూ పోతుంది, నువ్వు దాని వెనకే గన్ జరుపుతూ పోవాలి, మెరిసిన చోట ఇంక ఆగకూడదు. ఆగితే కరిగింది కాస్తా పేపర్‌లోకి ఇంకిపోయి నూనె మరకలా కనిపిస్తుంది, ఉబ్బు పోతుంది. పెళ్లి కార్డుల మీద, విజిటింగ్ కార్డుల మీద అక్షరాలు ఉబ్బెత్తుగా ఉంటాయి చూశావా, థర్మోగ్రఫీ అంటారు, అదీ ఇదే పద్ధతి, తడి ఇంక్ మీద రెసిన్ పొడి పడ్డాక హీటర్ కిందనుంచి పంపిస్తారు, అక్కడ మెషీన్ చేస్తుంది ఇక్కడ నీ చెయ్యి చేస్తుంది, అంతే తేడా.

నమస్తే మేడమ్. వచ్చే మేలో మా అమ్మాయి పెళ్లి. వచ్చినవాళ్ళకి ఇవ్వడానికి 200 థ్యాంక్యూ కార్డులు నేనే చెయ్యాలని పట్టుదల. అంచు పూల డిజైన్‌లో కట్ అయి, మధ్యలో ధన్యవాదాలు అని తెలుగులో కట్ అక్షరాలు రావాలి. చేత్తో తిప్పే డై కటింగ్ (పదునైన అచ్చుతో పేపర్ కోసే) మెషీన్ కొనాలా, కంప్యూటర్‌కి కలిపేదా? (గృహిణి, మల్కాజ్‌గిరి)

ఈ పెళ్లి కోసమే అయితే రెండూ కొనకండమ్మా. ఇంట్లో పెళ్లి పెట్టుకుని 200 కార్డులకి హ్యాండిల్ తిప్పుతూ కూర్చుంటారా! ఒకే డిజైన్ వందల్లో కావాలంటే ఛత్తా బజార్ వెళ్ళండి, చార్మినార్ దగ్గర, పెళ్లి కార్డుల ప్రెస్సులన్నీ అక్కడే కదా. డై పంచింగ్ అని అడగండి. ప్లైవుడ్ చెక్కలో స్టీల్ బ్లేడుని మీ డిజైన్ ఆకారంలో వంచి బిగిస్తారు, ఆ డై ఒకసారి చేయించుకుంటే కార్డులు టకటకా కొట్టేస్తారు, మడత గీత కూడా అదే దెబ్బలో పడుతుంది, దాన్ని క్రీజింగ్ అంటారు. డై చేయించే ఖర్చు ఒకేసారి పడుతుంది కాబట్టి పదో ఇరవయ్యో కార్డులకి దండగ, 200లకి గిట్టుబాటే. అంచులు వాళ్ళ చేత కొట్టించేసి స్టాంప్ వేయడం, ఎంబాసింగ్ చేయడం, ముడి కట్టడం మీరు చేసుకోండి, చేత్తో చేశారన్న ముచ్చట ఉంటుంది, నడుమూ నిలబడుతుంది.

పెళ్లయ్యాక కూడా కార్డులు చేస్తూనే ఉంటానంటే అప్పుడు మెషీన్ మాట. సిజిక్స్ బిగ్ షాట్ లాంటివి చేత్తో తిప్పేవి. పల్చటి స్టీల్ డైలు విడిగా కొనుక్కోవాలి, ఏ డై కొంటే ఆ ఆకారమే వస్తుంది, కరెంటూ అక్కర్లేదు కంప్యూటరూ అక్కర్లేదు. కింద ప్లేటు, దాని మీద పేపర్, పేపర్ మీద డై పదునున్న వైపు కిందికి బోర్లించి, పైన ఇంకో ప్లేటు, అలా పెట్టి తిప్పితే రెండు రోలర్ల మధ్య నలిగి తెగుతుంది. కొత్తలో ప్లేట్లు పటపటమంటాయి, కంగారుపడకండి అలాగే ఉంటుంది. ప్లేటుని ప్రతిసారీ తిరగేసి పెట్టండి, ఒకే వైపు వాడితే వంగిపోతుంది. సన్నటి లేసు లాంటి డై అయితే పేపర్ లోపల ఇరుక్కుని రాదు, డైకీ పేపర్‌కీ మధ్య ఒక బటర్ పేపర్ ముక్క పెడితే ఊడొస్తుంది.

కంప్యూటర్‌కి కలిపే క్రికట్ లాంటివి బ్లేడుతో గీసి కోస్తాయి, డైలు కొనే పని లేదు, కంప్యూటర్‌లో ఏం గీస్తే అది. కాబట్టి తెలుగు అక్షరాలు కావాలంటే ఇదే దారి, రెడీమేడ్ స్టీల్ డైలు దాదాపు అన్నీ ఇంగ్లిష్ మాటలతోనే వస్తాయి. కాకపోతే తెలుగు కోయడంలో ఒక తిరకాసు ఉంది. ధన్యవాదాలు తీసుకోండి, న్య దగ్గర యవత్తు కొన్ని ఫాంట్లలో అక్షరానికి తగలకుండా విడిగా ఉంటుంది, ధ కింద ఉండే చిన్న ఒత్తు గీత కూడా అంతే. శుభాకాంక్షలు అయితే ఇంకా ఘోరం, సున్నా ఒక్కటే దొర్లుకుంటూ పోతుంది. ఇంగ్లిష్‌లో కలిపిరాత ఫాంట్ పెట్టుకుంటే మాటంతా ఒకే ముక్కగా వస్తుంది, మనకి అలా కుదరదు, ముక్కలు ముక్కలుగా రాలతాయి. అందుకని మాట చుట్టూ రెండు మిల్లీమీటర్ల అంచు వదిలి వెనకాల వేరే రంగులో ఒక నీడ ముక్క కోయించాలి, ఆఫ్‌సెట్ అంటారు, కోసిన అక్షరాలు, వత్తులు, సున్నాలు అన్నీ దాని మీద అతికించుకోవాలి. 200 కార్డులకి ఈ యవత్తులు అతికించడం ఊహించుకోండి. అందుకే చెప్తున్నా, ఆ మాట మటుకు స్టాంప్‌తో వేసుకోండి.

ఇంకోటి, మీరు పేపర్ గురించి ఒక్క ముక్క కూడా అడగలేదు, ఎవరూ అడగరు. మెషీన్‌కి వేలు పోస్తారు, కార్డు మాత్రం పిల్లల చార్ట్ షీట్ మీద చేస్తారు. డబ్బు ముందు పేపర్ మీద పెట్టండి. 250 నుంచి 300 జీఎస్ఎమ్ (చదరపు మీటరు పేపర్ ఎన్ని గ్రాములో ఆ లెక్క) ఉండాలి, మ్యాట్‌ది, నున్నగా మెరిసే ఆర్ట్ కార్డు అయితే డై ఇంక్ ఆరక చెయ్యి తగిలితే పూసుకుపోతుంది. ఏ4 షీట్‌ని అడ్డంగా సగం కోస్తే రెండు ఏ5లు, ఒక్కోదాన్ని మడిస్తే ఏ6 కార్డు, సీ6 కవర్‌లో చక్కగా పడుతుంది, చిత్తు కూడా రాదు. మడిచే చోట ముందు స్కేలు పెట్టి ఇంక్ అయిపోయిన బాల్ పెన్నుతో గీత లాగండి, మడత చిట్లదు.

తెలుగులో సంక్రాంతి శుభాకాంక్షలు స్టాంప్ ఎక్కడా దొరకట్లేదు, ఆఫీసు సీళ్ళు చేసే షాపులో చేయించాను. అక్షరాల్లో ఇంక్ నిండిపోయి నల్లటి ముద్దలా పడుతోంది, ఒక పక్క సరిగ్గా పడితే ఇంకో పక్క పడట్లేదు. (టీచర్, వనస్థలిపురం)

సీళ్ళ షాపులో చేయించడం మంచి ఆలోచనే టీచర్‌గారూ, స్టాంపులు దొరక్కపోతే నేను చెప్పేదీ అదే. కానీ వాళ్ళకి అలవాటైనవి పేరు, అడ్రసు, గుండ్రటి సీలు. మన అక్షరాలు అన్నీ గుండ్రాలే, లోపల చిన్న చిన్న ఖాళీలు, చిన్న సైజులో చేస్తే ఆ ఖాళీలు పూడుకుపోతాయి. అక్షరం కనీసం ఒక సెంటీమీటరు ఎత్తు ఉండేలా, సన్నటి గీతలున్న ఫాంట్‌లో ప్రింట్ తీసి ఇవ్వండి, బోల్డ్ వద్దు. సీళ్ళకి వాడే ప్యాడ్ ఇంక్ కూడా పల్చన, కార్డు మీద పాకుతుంది, పిగ్మెంట్ ఇంక్ వాడండి. ప్యాడ్ మీద స్టాంప్‌ని నొక్కకండి, స్టాంప్‌ని బోర్లా తిప్పి పట్టుకుని ప్యాడ్‌తోనే దాని మీద తేలిగ్గా తట్టండి, అప్పుడు ఇంక్ పైన మాత్రమే అంటుతుంది, సందుల్లోకి దిగదు. ఒక పక్క పడకపోవడం బల్ల ఎగుడుదిగుడు వల్ల, కార్డు కింద పాత మౌస్ ప్యాడ్ వేయండి. స్టాంప్‌ని ఊపకుండా నిటారుగా నొక్కి నిటారుగా తీయాలి.

పారదర్శకంగా ఉండే పాలిమర్ స్టాంపులు కొంటే కొత్తలో ఇంక్ బొట్లు బొట్లుగా నిలబడుతుంది, పెన్సిల్ రబ్బరుతో పైపైన రుద్దితే సర్దుకుంటుంది. వాటిని ఎండలో పెట్టకండి, పసుపెక్కి గట్టిపడతాయి.

మా బాబు ఆరో క్లాసు, హీట్ గన్ తనే పడతానంటాడు. ఇవ్వచ్చా? (ఉప్పల్)

వద్దు. గన్ ముక్కు దగ్గర ఇనుము ఆపేశాక కూడా చాలాసేపు కాలుతూనే ఉంటుంది. స్టాంప్ వేయడం, పౌడర్ చల్లడం వాడికివ్వండి, అసలు సరదా అంతా అక్కడే ఉంది.

అక్కా, నేను ఇన్‌స్టాగ్రామ్‌లో కార్డులు అమ్మడం మొదలుపెట్టాను, పోస్టులో పంపిస్తున్నా. మొన్న ఒక కస్టమర్ దగ్గర ఎక్స్‌ట్రా డబ్బులు కట్టించుకుని ఇచ్చారట, కార్డు మీద ముత్యాలు కూడా నలిగిపోయాయట. రేటు ఎంత పెట్టాలో కూడా తెలియట్లేదు. (కూకట్‌పల్లి కుర్రాడు)

తమ్ముడూ, నీ కార్డు బరువెక్కింది. మామూలు ఉత్తరం మొదటి స్లాబు 20 గ్రాముల వరకే. లెక్క వేసుకో, 300 జీఎస్ఎమ్ ఏ5 ముక్క ఒక్కటే తొమ్మిది గ్రాముల పైన, కవరు నాలుగైదు గ్రాములు, అక్కడికే 14. దాని మీద 250 జీఎస్ఎమ్ లేయరు కార్డంత సైజుది ఒకటి వేస్తే దాదాపు నాలుగు గ్రాములు, రెండోది వేశావంటే 20 దాటేశావు, ముత్యాలు, ఫోమ్ టేపు ఇంకా కలపనే లేదు. పోస్టల్ స్టాంపులు తక్కువ అంటిస్తే తగ్గినదానికి రెట్టింపు అవతలివాళ్ళ దగ్గర వసూలు చేస్తారు, నీ కస్టమర్‌కి జరిగింది అదే. లోపలి లేయర్లకి మధ్యలో కిటికీ కోసి బరువు తగ్గించు, ఆ కోసిన ముక్క ఇంకో చిన్న కార్డుకి పనికొస్తుంది.

ముత్యాలు పోస్టుకి పనికిరావు, అక్కడ తపాలా ముద్ర పడుతుంది, సంచుల్లో కుక్కుతారు. ఉబ్బు కావాలంటే హీట్ ఎంబాసింగే పెట్టు, అది కరిగి పేపర్‌ని పట్టుకుని ఉంటుంది కాబట్టి ఊడదు, దాని మీద ఒక బటర్ పేపర్ వేసి కవర్లో పెడితే గీతలు కూడా పడవు. ముత్యాలే కావాలని ఎవరైనా పట్టుబడితే గట్టి అట్ట పెట్టి స్పీడ్ పోస్టులో పంపు, ఆ ఖర్చు వాళ్ళకి ముందే చెప్పు. రిజిస్టర్డ్ పోస్టు 2025లో స్పీడ్ పోస్టులోనే కలిపేశారు, దాని కోసం కౌంటర్ దగ్గర విడిగా అడగకు.

రేటు విషయానికొస్తే, పేపర్, ఇంక్, పౌడర్ ఖర్చు వేసుకుని ఊరుకుంటున్నావని నా అనుమానం. గంటలో ఎన్ని కార్డులు అవుతున్నాయో ఫోన్లో టైమర్ పెట్టి చూడు, ఆ గంటకి ఎంత వస్తే నీకు సరే అనిపిస్తుందో అది కార్డులకి పంచు, పాడైపోయే కార్డులు కూడా కలుపు. ఫ్రెండ్స్‌కి ఇచ్చే రేటు పేజీలో పెట్టకు, తర్వాత పెంచడం కష్టం. ప్రతి కొత్త డిజైన్ మొదటి కార్డుని కవరుతో సహా పోస్టాఫీసుకి తీసుకెళ్ళి తూకం వేయించుకో, ఆ తర్వాతే పేజీలో ఫోటో పెట్టు.