న్యూ ఆర్లీన్స్‌లో రాత్రి ఆగాల్సిన ప్రయాణానికి ఆమ్‌ట్రాక్ పాయింట్లు వాడటం లాభమేనా?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇదీ: హ్యూస్టన్ నుంచి న్యూజెర్సీకి అమ్మగారిని, నాన్నగారిని రైల్లో తీసుకెళ్ళాలి. మీ దగ్గర ఆమ్‌ట్రాక్ (అమెరికాలో ప్రయాణికుల రైళ్ళు నడిపే సంస్థ) వాళ్ళ గెస్ట్ రివార్డ్స్ పాయింట్లు 40 వేలున్నాయి. మధ్యలో న్యూ ఆర్లీన్స్‌లో ఒక రాత్రి ఆగాలని చూపిస్తోంది. ఆ రాత్రి బస కూడా టికెట్‌లోనే కలిసి వస్తుందా, అసలు పాయింట్లు ఇలా వాడటం తెలివైన పనేనా అని.

రెండేళ్ల కిందట తెనాలి నుంచి వచ్చిన మా అమ్మానాన్నలతో సరిగ్గా ఇదే దారిలో ఎడిసన్‌లో ఉన్న అక్కా వాళ్ళింటికి వెళ్ళొచ్చాను. పోయేటప్పుడు సవ్యంగా జరిగింది. వచ్చేటప్పటి బుకింగ్‌లో నేను చేసిన తెలివితక్కువ పని ఒకటుంది, అదీ చెప్తాను.

ముందు బస సంగతి. రాదండీ. టైమ్ టేబుల్ ప్రకారమే రాత్రి ఆగాల్సి వస్తే హోటల్ మన ఖర్చే, టికెట్ డబ్బుతో కొన్నా, పాయింట్లతో కొన్నా. రైలు వాళ్ళు గది ఇప్పించేది వేరే సందర్భంలో. ఒకే రిజర్వేషన్‌లో, గ్యారంటీ ఉన్న కనెక్షన్‌లో, మొదటి బండి ఆలస్యమై రెండోది అందకపోతే తర్వాతి బండిలో చోటో, రాత్రికి గదో వాళ్ళు చూస్తారు. ఉదాహరణకి చికాగోలో పడమటి నుంచి వచ్చే బండ్లు మధ్యాహ్నం దిగితే, న్యూయార్క్ వెళ్ళే లేక్ షోర్ లిమిటెడ్ రాత్రి బయల్దేరుతుంది. అక్కడ బండి తప్పితే వాళ్ళ బాధ్యత. న్యూ ఆర్లీన్స్‌లో రాత్రి ఆగడం బండి తప్పడం కాదు, టైములే అలా ఉన్నాయి. పాయింట్లతో విడిగా హోటల్ తీసుకునే వీలుంది గానీ, రైలు టికెట్‌కి వచ్చినంత విలువ దానికి రాదు. హోటల్‌కి డబ్బే కట్టండి.

ఇక టైములు. సన్‌సెట్ లిమిటెడ్ వారానికి మూడే రోజులు. లాస్ ఏంజిలిస్ నుంచి వస్తూ హ్యూస్టన్‌లో మంగళ, శుక్ర, ఆది వారాల్లో మధ్యాహ్నం 12 దాటాక బయల్దేరి, రాత్రి తొమ్మిదిన్నర పదింటి మధ్య న్యూ ఆర్లీన్స్‌లో దింపుతుంది. న్యూయార్క్ వెళ్ళే క్రెసెంట్ మర్నాడు పొద్దున. బుక్ చేసే ముందు మీ తేదీకి టైములు ఒకసారి చూసుకోండి, మారుతుంటాయి.

పాయింట్ల లెక్కకొస్తే, 2016 జనవరి దాకా కథ వేరుగా ఉండేది. దేశాన్ని మూడు జోన్లు చేసి, జోన్‌కి ఇన్ని పాయింట్లని ఫిక్స్ చేశారు. ఒక జోన్‌లో రూమెట్ (ఇద్దరు పడుకునే చిన్న గది) 15 వేలు, రెండు జోన్లకి 20 వేలు. పాతకాపులు చుట్టుతిరుగుడు దారులు వెతికి, రెండు మూడు బండ్లు మారుతూ, అదే పాయింట్లతో దేశమంతా తిరిగేవాళ్ళు. ఇప్పుడు టికెట్ ధర ఎంతో దాన్నిబట్టే పాయింట్లు. నేను చూసినప్పుడల్లా పాయింటుకి సుమారు రెండున్నర సెంట్ల దగ్గర తేలింది. అంటే మీ 40 వేలు దాదాపు వెయ్యి డాలర్ల రైలు టికెట్లన్నమాట. ధర పెరిగితే పాయింట్లూ పెరుగుతాయి కాబట్టి ఇందులో చిట్కాలేమీ మిగల్లేదు. ఎంత ముందు కొంటే అంత మంచిది, అంతే.

చిట్కాలు లేకపోయినా, ఏ బండికి పాయింట్లు పెట్టాలన్నది మాత్రం ఆలోచించాలి. హ్యూస్టన్ నుంచి న్యూ ఆర్లీన్స్ పగటి ప్రయాణం, తొమ్మిదిన్నర గంటలు. కోచ్ అంటే మామూలు కూర్చునే బోగీ, సీట్లు విశాలంగా, కాళ్ళు చాపుకునేలా ఉంటాయి. ఆ ముక్కకి రూమెట్ అనవసరం. పడక కావాల్సింది క్రెసెంట్‌లో, రాత్రంతా అందులోనే గదా. రూమెట్‌కి గది చార్జీ ఇద్దరికీ కలిపి ఒకటే, రైలు చార్జీ మాత్రం మనిషికి ఇంతని. భోజనాలు కూడా ఇద్దరికీ అందులోనే. పాయింట్లతో తీసుకున్నా ఏమీ తగ్గించరు. న్యూ ఆర్లీన్స్ స్టేషన్లో మాగ్నోలియా రూమ్ అని పడక టికెట్ల వాళ్ళకి విడిగా ఒక గది ఉంది, అమ్మానాన్నలు పొద్దున అక్కడే కూర్చున్నారు. నాకు ఆ భాగ్యం లేదు, కోచ్ వాణ్ణి కాబట్టి బయట హాల్లో కుడ్యచిత్రాలు చూస్తూ నిలబడ్డాను. లూసియానా చరిత్రంతా గోడల మీద ఉంటుంది, చూడదగ్గవే. మాకు క్రెసెంట్ రూమెట్‌కి దాదాపు 27 వేల పాయింట్లు అయ్యాయి.

రాత్రంతా స్టేషన్లో కూర్చుందామని మాత్రం అనుకోకండి. మా నాన్న మొదట అదే అన్నారు. "విజయవాడలో దుప్పటి పరుచుకుని ఎన్నిసార్లు పడుకోలేదురా, ఒక్క రాత్రికి హోటలెందుకు?" అని. ఇక్కడ అలా కుదరదు. స్టేషన్ లయోలా ఎవెన్యూలో, సూపర్‌డోమ్ స్టేడియానికి దగ్గర్లోనే ఉంటుంది. చుట్టుపక్కల హోటళ్ళున్నాయి. రాత్రి పదింటికి పెద్దవాళ్ళతో, సూట్‌కేసులతో నడవకండి, రెండు వీధులైనా కారు పిలవండి.

క్రెసెంట్ రూమెట్ గురించి ఒక హెచ్చరిక. ఈ బండికి వ్యూలైనర్ అనే ఒకే అంతస్తు బోగీలు. వాటిలో పాత రకం వస్తే రూమెట్ లోపలే టాయిలెట్ ఉంటుంది. తలుపూ లేదు, తెరా లేదు, సీటు పక్కనే. దాని మూతే పై బెర్త్‌కి మెట్టు. మా అమ్మ అది చూసి, "ఇదేం విడ్డూరం, కూర్చునే చోటా?" అని రైలు దిగేదాకా నాన్నని గంటకోసారి కారిడార్‌లోకి పంపుతూనే ఉంది. ఆయన బయట నిలబడి అటెండెంట్‌తో వచ్చీరాని ఇంగ్లీషులో స్నేహం చేసుకున్నారు. పై బెర్త్‌కి కూడా విడిగా కిటికీ ఉండటం ఆయనకి బాగా నచ్చింది. 66 ఏళ్ల మనిషి ఆ మూత మీద కాలేసి చకచకా ఎక్కేశారు. మీ నాన్నగారికి మోకాళ్ల నొప్పులుంటే మాత్రం ఇది ఆలోచించుకోండి.

న్యూ ఆర్లీన్స్ దాటిన కాసేపటికి పాంచర్‌ట్రెయిన్ సరస్సు వస్తుంది. ఆరు మైళ్ల పాటు నీళ్ళ మీదే పోతుంది బండి, కిటికీలోంచి చూస్తే కింద వంతెన కూడా కనపడదు. నేను కోచ్ నుంచి వాళ్ళ రూమెట్ దగ్గరికి వెళ్ళేసరికి అమ్మ చేతిలో ఒక పావలా డాలర్ నాణెం. కిటికీ తెరుచుకోదని చెప్పాను. "ఇది నది కాదే, చెరువు" అన్నారు నాన్న. "గంగమ్మ ఎక్కడైనా గంగమ్మే" అని అద్దానికి నాణెం ఆనించి దణ్ణం పెట్టుకుని, మళ్ళీ పర్సులో వేసుకుంది. నిజానికి ముందు రోజు రాత్రి మిసిసిపీ మీద హ్యూయీ లాంగ్ బ్రిడ్జి దాటినప్పుడు ఆవిడ మంచి నిద్రలో ఉంది. లేపనందుకు ఇప్పటికీ అంటూనే ఉంటుంది.

ఇప్పుడు నా తెలివి. వెళ్ళేటప్పుడు మొత్తం ఒకే రిజర్వేషన్‌లో పెట్టాను, వెబ్‌సైటే కనెక్షన్ చూపించింది. తిరుగు ప్రయాణానికి నాకో ఐడియా వచ్చింది. 65 దాటినవాళ్ళకి 10 శాతం తగ్గింపు ఉంటుంది గదా, సన్‌సెట్ కోచ్ టికెట్లు డబ్బుతో విడిగా కొంటే కొంత కలిసొస్తుంది, క్రెసెంట్ ఒక్కటే పాయింట్లతో తీసుకుందామని. మిగిలింది పది డాలర్ల లోపు. రెండు బుకింగులు చేసి, హోటల్ కూడా బుక్ చేసి, కాగితం మీద రాసి వాళ్ళకి చూపించాను. మంగళవారం న్యూజెర్సీలోని నూవార్క్‌లో క్రెసెంట్ ఎక్కడం, బుధవారం న్యూ ఆర్లీన్స్‌లో సన్‌సెట్.

అమ్మ కళ్ళజోడు సవరించుకుని చదివింది. "మంగళవారం ఎక్కి, ఒక రాత్రి బండిలో పడుకుని, బుధవారం రాత్రికి గదరా దిగేది? బుధవారం పొద్దున బండి ఎలా ఎక్కుతాం?"

నిజమే. క్రెసెంట్ మధ్యాహ్నం బయల్దేరి మర్నాడు రాత్రికి న్యూ ఆర్లీన్స్ చేరుతుంది. అక్కడి నుంచి పడమటికి సన్‌సెట్ సోమ, బుధ, శని వారాల్లో ఉదయం 9 గంటలకి. బుధవారం బండి అందాలంటే మనం సోమవారం ఎక్కాలి. నా లెక్క ప్రకారం పోతే బుధవారం రాత్రి దిగి, శనివారం దాకా మూడు రాత్రులు హోటల్లో ఉండేవాళ్ళం. ఒకే రిజర్వేషన్‌లో చేసి ఉంటే వెబ్‌సైట్ ఆ జత చూపించేదే కాదు. సోమవారానికి మార్చుకునేసరికి దగ్గర పడింది కదా, రూమెట్ ధర పెరిగి, ఇంకో 6 వేల పాయింట్లు పోయాయి. "అసలు మంగళవారం ప్రయాణం వద్దని ముందే అన్నానా" అని అమ్మ ఒకటికి రెండుసార్లు గుర్తు చేసింది.

అందుకని మీరు ఒకే రిజర్వేషన్‌లో పెట్టండి. మొదటి బండికి కోచ్, రెండోదానికి రూమెట్ అని ఎంచుకునే వీలుందేమో చూడండి, మాకు వచ్చింది. బటన్ నొక్కే ముందు రద్దు చేస్తే ఎన్ని పాయింట్లు తిరిగొస్తాయో ఆ పేజీలోనే చదువుకోండి. సన్‌సెట్ సరుకు రవాణా కంపెనీల పట్టాల మీద పోయే బండి, అప్పుడప్పుడు అర్ధరాత్రి దాకా లాగుతుంది కాబట్టి ఆలస్యంగా వచ్చినా తాళం ఇచ్చే హోటల్ తీసుకోండి. తిండి విషయానికొస్తే, క్రెసెంట్‌లో మేం వెళ్ళినప్పుడు శాకాహారం ఒక్క రకమే ఉంది. పులిహోర, మాగాయ పెట్టుకుని వెళ్ళాం, అవే ఆదుకున్నాయి.

పాయింట్లకి తొందరేం లేదు, 24 నెలల్లో ఖాతాలో ఏదో ఒక కదలిక ఉంటే చాలు, అవి ఎక్కడికీ పోవు. మీ పేరు మీదున్న పాయింట్లతో అమ్మగారికి, నాన్నగారికి టికెట్లు తీయొచ్చు. వెళ్ళే తేదీ, తిరిగొచ్చే తేదీ కింద రాయండి, వారాలు కుదురుతాయో లేదో చూసి చెప్తాను. ఈసారి అమ్మకి కూడా ఒకసారి చూపిస్తాను.