ఇండియా సిమ్ తీయకండి, దాని డేటా మాత్రం ఆఫ్‌లో పెట్టండి

మా అమ్మానాన్నలు ఆరు నెలలు ఉండటానికి అమెరికాలో మా దగ్గరికి, డాలస్‌కి వస్తున్నారు, బ్యాంకు ఓటీపీలు, పెన్షన్ మెసేజ్‌లు ఆగకూడదు, రోమింగ్ బిల్లు మోత మోగకూడదు, ఏం చేయాలి అని మీరు అడిగారు. మా పెద్దమ్మాయి అక్కడే ఉంటుంది. 2022లో పురుడుకి ఒకసారి, 2024లో మనవణ్ణి చూడ్డానికి ఒకసారి నేనూ మా ఆయనా వెళ్లొచ్చాం. మొదటిసారి బాగా వదిలింది. రెండోసారి రోమింగ్‌కంటూ దాదాపు ఏమీ కాలేదు.

మాది విజయవాడ. మొదటిసారి శంషాబాద్‌లో ఎక్కి దోహాలో విమానం మారాం. ఆ ఎయిర్‌పోర్టు మధ్యలో పసుపుపచ్చ ఎలుగుబంటి బొమ్మ ఒకటి ఉంటుంది, ఇంటి ఎత్తున. ఆయన దాన్ని వీడియో తీసి అప్పటికప్పుడు మా కుటుంబం గ్రూపులో పెట్టారు. అందరూ జవాబులు పెట్టడం మొదలెట్టారు. ఐదు గంటలు కూర్చున్నంతసేపూ ఆయన చొక్కా జేబులో ఫోను టింగుటింగుమంటూనే ఉంది. ఫొటోలు, వీడియోలు వాటంతటవే దిగుతున్నాయి. అక్కడ వైఫై ఉచితమే, దానికి కలపాలని మాకు తోచలేదు. తర్వాతి నెల పోస్ట్‌పెయిడ్ బిల్లులో ఆ ఐదు గంటలకే తొమ్మిది వేల పైచిలుకు పడింది. రోమింగ్ ప్యాక్ వేసుకున్నాం కదండీ అని కంపెనీకి ఫోన్ చేస్తే, అది అమెరికాకే, ఖతార్‌కి వర్తించదన్నారు. బాలింత ఇంట్లో ఈ మాట ఎత్తొద్దని ఆయన నాకు చెప్పి, రెండు రోజులు ముభావంగా తిరిగారు. మీ నాన్నగారికి ఇలా జరిగినా మీకు చెప్పరు. అందుకే ఇంత వివరంగా రాస్తున్నాను.

అసలు కిటుకు ఇక్కడుంది. ఓటీపీలు రావాలంటే బయల్దేరే ముందు కంపెనీ యాప్‌లోనో, వాళ్ల షాపులోనో ఇంటర్నేషనల్ రోమింగ్ ఆన్ చేయించుకోవాలి. అది ఆన్ అయ్యిందంటే మెసేజ్‌తో పాటు డేటాకీ తలుపు తెరుచుకుంటుంది. ఆ తలుపు ఫోన్లో మనమే మూయాలి. సెట్టింగ్స్‌లో ఇండియా సిమ్ మీద నొక్కి ‘డేటా రోమింగ్’ ఆఫ్ చేయండి. మా ఆయన ఫోన్లో అది ఎప్పటినుంచో ఆన్‌లోనే ఉంది. ఊళ్లో నెట్ రావట్లేదని సెల్ షాపు కుర్రాడు ఎప్పుడో ఆన్ చేసి పెట్టాడు. మీ వాళ్ల ఫోన్లోనూ ఉండొచ్చు, తప్పకుండా చూడండి.

రెండోసారి మేం ఆరు నెలలూ ఇండియా సిమ్‌ని మెసేజ్‌ల కోసమే ఉంచాం. వచ్చిన ఎస్సెమ్మెస్‌లకు మాకు ఒక్క రూపాయి పడలేదు. మీ కంపెనీ లెక్క కూడా ఒకసారి అడిగి రాసుకోండి. కాల్స్ సంగతి వేరు. ఫోను మోగితే ఖర్చు లేదు, ఎత్తితేనే ఖర్చు. ప్యాక్ లేకుండా రోమింగ్‌లో ఉంటే అవతలివాళ్లు చేసిన కాల్‌కి కూడా నిమిషాల లెక్కన మనకే పడుతుంది. ఇండియాలో మధ్యాహ్నమంటే డాలస్‌లో అర్ధరాత్రి దాటి ఉంటుంది. లోన్ కావాలా, ప్లాట్ కావాలా అని ఫోన్లొస్తాయి. నిద్రలో ఉలిక్కిపడి, ఎవరికేమైందోనని పెద్దవాళ్లు ఎత్తేస్తారు. ఎత్తొద్దు అని ఒక్కసారి చెప్తే సరిపోదు. ఇండియా సిమ్‌కి వచ్చే కాల్స్‌కి వేరే రింగ్‌టోన్ పెట్టండి, రెండు సిమ్‌లకి రెండు టోన్లు పెట్టే వీలు చాలా ఫోన్లలో ఉంది. మా అమ్మాయి అలాగే పెట్టింది. ఆ టోన్ వినిపిస్తే ముట్టుకోం, బంధువులైతే వాట్సాప్‌లో తిరిగి చేస్తాం.

మాటలకీ, నెట్‌కీ అక్కడి సిమ్ ఉండాలి. మీకు ఫ్యామిలీ ప్లాన్ ఉంటే అందులో ఇంకో లైను కలపడమే తేలిక, మా అమ్మాయి ఆ పనే చేసింది. లేకపోతే ప్రీపెయిడ్ సిమ్ తీసుకోండి. ఒక్క సంగతి ముందే చూసుకోవాలి. అక్కడి ఫోన్ కంపెనీ ఏటీ అండ్ టీ 2022 ఫిబ్రవరిలో త్రీజీ ఎత్తేసింది, తమ జాబితాలో లేని మోడల్ ఫోన్లను నెట్‌వర్క్ మీదకి రానివ్వదు. నాన్నగారి ఫోన్లో స్టార్ హ్యాష్ సున్నా ఆరు హ్యాష్ కొట్టిస్తే ఐఎంఈఐ, అంటే ఆ ఫోను గుర్తింపు నంబరు వస్తుంది. దాంతో కంపెనీ సైటులో మీరే సరిచూడొచ్చు.

కొత్త ఐఫోన్ కొనిద్దామనుకుంటే మాత్రం ఆగండి. అమెరికాలో అమ్మే ఐఫోన్లకి 14 మోడల్ నుంచి సిమ్ పెట్టే స్లాటే లేదు. నాన్నగారి చేతిలో ప్లాస్టిక్ సిమ్ ఉంటే అది అందులోకి ఎక్కదు, ఇండియాలో ఉండగానే ఈసిమ్‌గా, అంటే ప్లాస్టిక్ ముక్క లేకుండా ఫోన్లోనే ఉండే సిమ్‌గా మార్పించుకుని ఉండాలి. పైగా మన బ్యాంకు యాప్‌లు, యూపీఐ యాప్‌లు ఫోనునీ సిమ్‌నీ కలిపి గుర్తుపెట్టుకుంటాయి. ఫోను మారిస్తే యాప్ మళ్లీ ఆ సిమ్ నుంచి మెసేజ్ పంపమంటుంది. మా ఆయన మొదటిసారి సిమ్ పాడవుతుందేమోనని తీసి పర్సులో దాచారు. పెన్షన్ పడిందో లేదో చూడ్డానికి యాప్ తెరిస్తే మొదటినుంచీ రిజిస్ట్రేషన్ అడిగింది. అందుకే పాత ఫోను, పాత సిమ్, రెండో స్లాటులో అక్కడి సిమ్. కొత్త సిమ్ వేయగానే వాట్సాప్ నంబరు మార్చుకుంటారా అని అడిగితే వద్దనండి, ఇండియా నంబరు మీదే నడుస్తుంది.

రీచార్జ్ మర్చిపోవద్దు. మీ వాళ్లది ప్రీపెయిడ్ అయితే వ్యాలిడిటీ అయిపోయాక ఓటీపీలు కూడా ఆగిపోతాయి. మధ్యలో గుర్తుపెట్టుకునే పని లేకుండా మేం రెండోసారి ప్రీపెయిడ్‌కి మారి, ఏడాది ప్లాన్ వేసుకుని వెళ్లాం. ప్రీపెయిడ్‌లో ఇంకో ధీమా ఏమిటంటే బ్యాలెన్స్ ఉన్నంతవరకే పోతుంది, దోహాలో జరిగినట్టు బిల్లు తర్వాత ఎప్పుడో వచ్చి మీద పడదు.

తిరుగు ప్రయాణంలో యూరప్ చూపిద్దామనుకుంటున్నామని కూడా రాశారు. పారిస్‌లో కొన్న సిమ్ జర్మనీ, ఇటలీలో అదే ధరకి పనిచేస్తుంది. 2017 జూన్ 15 నుంచి యూరోపియన్ యూనియన్‌లో ఆ నియమం ఉంది. స్విట్జర్లాండ్ యూనియన్‌లో లేదు. మన టూర్ బస్సులు పారిస్ నుంచి అక్కడికి కూడా పోతుంటాయి, సరిహద్దు ఎప్పుడు దాటామో కూడా తెలియదు. కొనేముందు ప్లాన్‌లో స్విట్జర్లాండ్ పేరు ఉందో లేదో చూడండి. స్విట్జర్లాండ్‌లోని జెనీవా పక్కన, ఫ్రాన్సు వైపు ఊళ్లలో ఉన్నా అవతలి టవర్ పట్టుకునే వీలుంది, అక్కడ నెట్‌వర్క్‌ని చేత్తో ఎంచుకోండి.

ఇక మీ వాళ్లు బయల్దేరే రోజు. శంషాబాద్‌లో సెక్యూరిటీ దాటి కూర్చున్నాక వీడియో కాల్ చేయమనండి. పక్కనున్నవాళ్ల ఫోన్‌తోనైనా సరే, డేటా రోమింగ్ మీట కెమెరాలో చూపించమనండి. వాళ్లకి అది అయోమయంగా ఉంటే ఏరోప్లేన్ మోడ్ ఒక్కటి నేర్పండి. శంషాబాద్‌లో వేసి, డాలస్‌లో మీరు ఎదురొచ్చి మీ చేత్తో తీసేదాకా ముట్టుకోవద్దనండి. ఆ మోడ్‌లో ఉన్నా వైఫై పనిచేస్తుంది. దోహాలోనో, అబుదాబిలోనో వైఫైకి కలిపితే, దిగాం, క్షేమం అని మీకు మెసేజ్ పెట్టగలరు.